సొంత కాలు చెప్పిన అబద్ధం

మనిషి తన గురించి తాను ఎంతవరకు చెప్పుకుంటే చెప్పుకోవడం, ఎక్కడినుంచి అది అడుక్కోవడం? ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఆ గీత ఎక్కడుందో ఈ రాసే చేతికి ఇప్పటికీ దొరకలేదు. కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేసే ఒకావిడకు మాత్రం ఒక మధ్యాహ్నం అది దొరికింది. దొరికిందని ఆమె గట్టిగా నమ్మింది.

వర్క్‌షాపులో ఆమెను 'మొండి మేడమ్' అంటారు, చాటుగా కాదు, ఎదురుగానే. తెగిపోగా మిగిలిన కాలిని అక్కడ మొండి అంటారు. ఆ మొండికి ప్లాస్టర్ అచ్చు తీయడం, అచ్చును ఆకురాయితో అరగదీయడం, దానిమీద కాలు దూరడానికి గిన్నెలాంటి సాకెట్ తయారుచేయడం ఆమె పని. ఆమెకూ ఎడమకాలు మోకాలి కింద లేదు. పద్నాలుగో ఏట బస్సు కింద పోయింది. అందుకే ఆ పేరొచ్చిందని కొత్తగా చేరినవాళ్ళు అనుకుంటారు. ఆమె అక్కనడిగితే ఇంకోలా చెబుతుంది.

"కాలు పోకముందు నుంచే అది మొండిది. పుట్టడమే అడ్డం తిరిగి పుట్టింది."

ఆ మొండిదానికి ముప్పై తొమ్మిదేళ్ళు నిండాక పీజీ చదవాలన్న పట్టుదల పుట్టింది. చదవాలనుకున్నది తన పనికి సంబంధించిన కోర్సే. నలభై దాటితే తీసుకోరు కాబట్టి ఈసారి తప్పితే ఇక లేనట్టే. మార్కులేమో బొటాబొటిగా ఉన్నాయి. ఇక మిగిలింది దరఖాస్తుతో పంపాల్సిన ఒక్క పేజీ: 'మీ గురించి, ఈ చదువు మీకెందుకో మీ మాటల్లో రాయండి.' నాలుగుసార్లు చించి, అయిదోసారి చేత్తో రాసిన కాగితాన్ని, తప్పులు దిద్ది టైపు చేసిపెట్టమని బావగారికిచ్చింది.

బావగారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా ఆయన గుమ్మమే తొక్కాలి. ఆయన రాస్తే రాయి కూడా కరుగుతుందని పేరు. దరఖాస్తుకు ఆఖరి రోజున కబురంపాడు. ఆమె వెళ్ళేసరికి ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"వినవమ్మా మరదలా. 'విధి వక్రించి కాలు పోగొట్టుకున్న నాడే నా బతుకు చీకటైపోయింది. నా కన్నీరే నాకు తోడైంది. పరుల బాధను నా బాధగా ఎరిగినదాన్ని గనుక...'"

వంటింటి గుమ్మంలో అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఎవరు బావా ఈవిడ? అయ్యో పాపం," అంది ఆమె.

"ఎవరేంటే, నువ్వే!" అంది అక్క.

"నా బతుకెప్పుడు చీకటైందే? నా కాలు పోయిన మూడో నెలలోనే కదా నీ పెళ్ళి. చంకలో కర్ర పెట్టుకుని, జగ్గు పట్టుకుని, పంక్తిలో నీళ్ళు పోసిందెవరు?"

"పోశావులే, సగం మా అత్తగారి ఒళ్ళోనే పోశావు," అంటూ కళ్ళు తుడుచుకున్న కొంగుతోనే అక్క నవ్వు దాచుకుంది.

బావగారు నవ్వలేదు. "వేళాకోళం తర్వాత. అక్కడ కూర్చునేవాళ్ళు బోలెడు కాగితాలు చూస్తారు. మనసు కదిలితేనే వాళ్ళ చేయి కదులుతుంది. దేవుడు నీకిచ్చిన ఆయుధం అదొక్కటే, వాడుకో."

"ఇచ్చాడా, పట్టుకుపోయాడా?"

"చూశావుటే నీ చెల్లెలి నోరు!"

"మరి నేను రాసిందేది బావా?"

"అది పనికిరాదు, తీసేశాను."

"తీసేశారా!"

ఆ అరుపుకు అక్క రెండడుగులు ముందుకొచ్చింది. "ఒంటికాలి మీద లేవకే, ఆయన మూడు రోజులు తిండి కూడా సరిగ్గా తినకుండా రాశారు."

"నాకున్నదే ఒకటి, దానిమీద కాక దేనిమీద లేవను?"

ఆమె రాసిన కాగితం బల్లమీద కళ్ళజోడు పెట్టె కింద నలిగి ఉంది. లాగి చదును చేసుకుంది. బావగారు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసిన భాగం గోడలకు రంగులు వేసే ఒక పనివాడి గురించి.

అతనికి కాలు తెగింది సరిగ్గా ఆమెకు తెగినచోటే. ఆమె కొలతలన్నీ తీసుకుంది, కానీ ఆఖరి మాట మాత్రం తన కాలినే అడిగింది. ఇక్కడ బిగుతుగా ఉంటేనే హాయి అని ఆమె మొండి చెప్పింది. అతని సాకెట్‌నూ అక్కడే బిగించింది. అతను నొప్పన్నాడు. అలవాటైపోతుంది, నాకు తెలియదా అంటూ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి తన కాలు చూపించింది. అది చూశాక అతనింకేమంటాడు? నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. రెండు నెలల తర్వాత చంకకర్రల మీద వచ్చాడు. కాలు సంచిలో ఉంది, మొండి మీద పుండుంది. "మీక్కూడా లేదు కదా, మీకు తెలీకుండా ఉంటుందా అని ఊరుకున్నానమ్మా," అన్నాడు.

ఆ మాట ఆమె కాగితంలో అక్షరం పొల్లుపోకుండా ఉంది. దాని కింద రెండు వాక్యాలే రాసింది: 'నా కాలు నా సంగతే చెబుతుంది. ఇంకొకరి కాలి సంగతి తెలుసుకోవడం నేర్చుకోవడానికే ఈ చదువు అడుగుతున్నాను.'

"సీటడుగుతూ ఎవరైనా తప్పు ఒప్పుకుంటారా?" అన్నాడు బావగారు. "చేజేతులా నెత్తిన మన్ను పోసుకోవడం కాకపోతే! నేను రాసింది పంపు. అయ్యో పాపం అంటారు, సీటిస్తారు."

"పాపం అనే మాటకు రెండర్థాలున్నాయి బావా. ఒకటి బాధ పడేవాళ్ళను చూసి అనేది, రెండోది చేసేది. నేను చేసింది ఈ కాగితంలో ఉంది. మీరు దాన్ని కొట్టేసి నన్ను పడేవాళ్ళలో కూర్చోబెట్టారు."

"మాటలకేం, కోటలు దాటుతాయి. నీకు సీటు కావాలా, పంతం కావాలా?"

"సీటే కావాలి. మీకంటే నాకే ఎక్కువ కావాలి. కానీ, పరుల బాధను నా బాధగా ఎరిగినదాన్ని అని రాశారే, ఆ గర్వమే ఆ మనిషికి పుండు చేసింది. దాన్నే మళ్ళీ అమ్ముకుని లోపలికెళ్తే, అక్కడ నేర్చుకునేదేముంటుంది నా మొహం?"

బావగారు కుర్చీలోంచి లేచాడు. దయతో లేచాడో, విసుగుతోనో ఆయనకే తెలియాలి. ఆ కుర్చీలో ఆమె కూర్చుంది. వర్క్‌షాపులో ఆకురాయి పట్టే చేతులకు టైపు కొట్టడం కొత్త. కొత్త పేజీ తెరిచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రెండు వేళ్ళతో, ఎర్ర సిరా కింద ఉన్నదానితో సహా తన కాగితమంతా ఎక్కించింది. వెనక నిలబడ్డ బావగారు ఎంతైనా పంతులు కదా, ఊరుకోలేకపోయాడు.

"అక్కడ ఒత్తు పోయింది."

దిద్దింది.

"'తప్పు చేశాను' అన్నచోట పోనీ 'అనుభవం ఎదురైంది' అని పెట్టు. అర్థం అదే. వినడానికి ఇంపుగా ఉంటుంది."

"అనుభవం ఎదురైంది అతనికి. నేను చేసింది తప్పే."

"నాశనం చేసుకుంటున్నావ్."

"నా కాగితం బావా. నా పేరుతో వెళ్ళేది ఇదే."

కళ్ళు మూసుకోకుండా, దేవుణ్ణి తలుచుకోకుండా, మీట నొక్కింది. దరఖాస్తు అందినట్టు తెరమీద ఒక ముక్క వచ్చింది. మూడు రోజుల కష్టార్జితం, ఆ చీకటి బతుకు, ఆ కన్నీరు, బావగారి ఫైల్లోనే ఉండిపోయాయి.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి వీధివైపు తిరిగి నిలబడ్డాడు. వీపు కూడా అలిగినట్టే ఉంది. "టీ పెడుతున్నా, కూర్చోవే," అని వంటింట్లోంచి అక్క కేకేసింది.

ఆ ఇంట్లోంచి ఎవరు కదిలినా వెళ్ళొస్తాననాలి. అంటే బావగారు ఇటు తిరుగుతాడు. తిరిగి, ఇప్పుడైనా మించిపోయింది లేదు, ఇంకో కాగితం పంపుదాం అంటాడు. అక్క వంత పాడుతుంది. అయినవాళ్ళ ప్రేమకు ఎదురు నిలవడం ఒక్కపూటలో రెండుసార్లు అయ్యే పని కాదని ఆమెకు తెలుసు.

కుర్చీ లోపలికి తోసింది. సంచి భుజాన వేసుకుంది. అక్క రెండు గ్లాసులతో ముందుగదిలోకి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది, మెట్ల మీద పెట్టుడుకాలి చప్పుడు కిందికి దిగుతోంది.