చొక్కాకు కట్టిన కొంగు

కడప కోర్టులో నా సంరక్షణ కేసు కాగితాల్లో, యుద్ధంలో నన్ను కువైట్ నుంచి తెచ్చింది పెదనాన్న అని ఉంది. వంశవృక్షం రాస్తున్న మా అమ్మాయి అదే ఎక్కించబోతే ఆపాను. పెదనాన్న ఎన్నడూ కడప దాటలేదు.

తెచ్చింది కువైట్‌లో, అబూ హలీఫా పేటలో మా పక్కగదిలో ఉండే ఆమె. చుట్టం కాదు, అత్తా అని పిలిచేవాణ్ణి. అమ్మ అంతకుముందే పోయింది. ఇరాక్ సైన్యం వచ్చాక ఆ గొడవల్లో నాన్నా పోయాడు. జనంలోకి వెళ్తే చాలు, అత్త తన కొంగు చివర నా చొక్కా కాజాలోకి దూర్చి ముడేసేది.

దేశం దాటే దారిలో ఇరాక్ సైనికుడొకడు బస్సెక్కి అందరి కాగితాలూ అడుగుతున్నాడు. నా పాస్‌పోర్టు ఎక్కడుందో తెలియదు. చుట్టూ చూస్తున్నారని సిగ్గేసి ముడి విప్పబోయాను.

"విప్పొద్దు నాయనా. నీకు వేరే కాగితం యాడుంది? ఇదే."

సైనికుడు మా ముందు ఆగాడు. "వలదీ," అంది అత్త. అరబ్బీలో నా కొడుకు అని. వాడు ముడి వంక చూసి ముందుకు కదిలాడు.

ఊరొచ్చాక పెదనాన్న నన్ను తీసుకెళ్తానంటే, అత్త నన్ను తనకే ఇమ్మని కోర్టులో అర్జీ పెట్టుకుంది. ఎవరు తెచ్చారని జడ్జి అడిగితే, పెదనాన్న నేర్పినట్టే "పెదనాన్న" అన్నాను. ఆమె గుమ్మంలోనే ఉంది.

బయటికి రాగానే అలవాటుగా కొంగు చేతిలోకి తీసుకుంది. పెదనాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.