కోదాడ కొట్టంలో జంగమ్మ

సూర్యాపేటకు రెండు కోసుల దూరంలో ఉన్న పల్లెలో కురుమోళ్ళ జంగమ్మ అంటే గొర్రెల బాగోగులు తెలిసిన మనిషని పేరు. మగవాళ్ళు కూడా ఆమెను పిలిపించుకునేవాళ్ళు. పొదుగు కింద చెయ్యి పెట్టి, ఏ గొర్రెకు పాలు గడ్డకట్టాయో, ఏది పిల్లను దగ్గరికి రానివ్వడం లేదో చెప్పేసేది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

నలభై ఎనిమిదో సంవత్సరం, తొలకరి పడే ముందు ఆమెకు తొలికాన్పు. ఆడపిల్ల పుట్టింది. పన్నెండో రోజున రజాకార్లు వస్తున్నారని కబురు. పక్క ఊరి మీద పొగ లేచింది. జంగమ్మ భర్త బీరప్ప ఎక్కువ ఆలోచించలేదు. మందను మఠంపల్లి దిక్కు, కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవాలనుకున్నాడు. పచ్చి బాలింత మంద వెంట నడవలేదు కాబట్టి, తన తల్లి లక్ష్మీనర్సమ్మను తోడిచ్చి, ఎడ్లబండి మీద భార్యాబిడ్డలను కోదాడకు చేర్చాడు. అక్కడ అచ్చమ్మ అనే రైతు ఇల్లాలు తమ పశువుల కొట్టంలో ఒక మూల ఇచ్చింది. పరిస్థితి ఇంకా చెడితే నిజాం సరిహద్దు దాటి జగ్గయ్యపేట పోవచ్చని అందరి ధైర్యం.

"నెల రోజుల్ల వస్త. పిల్ల పైలం" అని చెప్పి బీరప్ప వెళ్ళిపోయాడు.

కొట్టం చెడ్డదేమీ కాదు. ఒక పక్క రెండు ఎడ్లు, మరో పక్క వీళ్ళు. గొంగడి అడ్డం కడితే గదిలాగే ఉండేది. పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో రోజు పొద్దున జంగమ్మ వణుకుతూ లేచింది. ఒళ్ళు కాలిపోతోంది. కుడి రొమ్ము రాయిలా గట్టిపడి ఎర్రగా కందింది. పిల్ల నోరు తగిలితే ప్రాణం పోయినంత పని.

లక్ష్మీనర్సమ్మ చెయ్యి వేసి చూసి పిల్లను వెంటనే తన ఒడిలోకి తీసుకుంది.

"జరం పాలు పట్టొద్దే. పిల్లకు సుత జరమొస్తది."

"మరి ఏం పట్టాలె అత్తా?"

పిల్ల ఏడుపు విని అచ్చమ్మ చెంబుతో ఆవుపాలు తెచ్చింది. "నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి నోట్లో పిండండమ్మా. మా చిన్నోడికి అలాగే పట్టాం" అంది. రెండు చుక్కలు మింగిన పిల్ల మూడో చుక్కకు కక్కేసింది. మళ్ళీ పట్టారు, మళ్ళీ కక్కింది. మధ్యాహ్నానికి ఏడవడానికి కూడా ఓపిక లేక, నోరు తెరిచి మూయడం మాత్రం చేస్తోంది. వైద్యం కావాలంటే సూర్యాపేట దవాఖానకే పోవాలి. రజాకార్ల భయంతో ఆ దారిలో బండి కట్టడానికి ఆ రోజుల్లో ఎవరూ ముందుకు రావడం లేదు.

ఆ వేళకు భూలి వచ్చింది. వాగు అవతలి తండా నుంచి రోజూ కట్టెల మోపు తెచ్చి అమ్ముకునే లంబాడి మనిషి. మోపు దించుకుని, వీపున కట్టుకున్న తన కొడుకును ముందుకు తిప్పుకుని పాలిస్తూ గుమ్మం పక్కన కూర్చుంది. జంగమ్మ గొంగడి పక్కకు జరిపి ఆ పిల్లవాణ్ణి చూసింది. బాగా తాగుతున్నాడు. పెదవి చివర పాలు కారుతున్నాయి.

"అక్కా, నా బిడ్డకు జర పాలిస్తవా? పొద్దుగాల కెళ్ళి ఒక్క బొట్టు కడుపుల నిలుస్తలేదు."

భూలి వెంటనే లేవలేదు. ముసలామె వైపు చూసింది. "ఇస్త గాని, మీ అత్త ఏమంటదో. మేం లంబాడోళ్ళం గద."

అచ్చమ్మ కూడా లక్ష్మీనర్సమ్మ ముఖమే చూసింది. ముసలామె తానే లేచి వెళ్ళి పిల్లను భూలి ఒడిలో పెట్టింది.

"తల్లి సచ్చిన గొర్రెపిల్లను ఇంకో తల్లి కింద ఇడుస్తం. గప్పుడు ఏ మంద గొర్రె అని అడుగుతమా? తాగనియ్యి బిడ్డా."

మొదట పిల్లకు రొమ్ము పట్టడమే చేతకాలేదు. భూలి రెండు చుక్కలు పెదవుల మీద పిండింది. కాసేపటికి గుటక చప్పుడు వినిపించింది. జంగమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. అంతవరకు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

భూలి రోజూ రెండుసార్లు వచ్చి వెళ్ళడం మొదలుపెట్టింది. పిల్ల గురించి భయం తగ్గాక జంగమ్మ తన సంగతి చూసుకుంది. గొర్రెకు పొదుగు గట్టిపడితే ఏం చేస్తుందో అదే చేసుకుంది. నీళ్ళు కాగబెట్టి, గుడ్డ ముంచి, ఓర్చుకోగలిగినంత వేడిగా రొమ్ము మీద వేసుకునేది. తర్వాత పళ్ళు బిగబట్టి, పైనుంచి కిందికి మెల్లగా ఒత్తుతూ పాలు పిండేసేది. చూడలేక అత్త బయటికి పోయేది.

మూడో నాడు పెద్ద వాన. వాగు పొంగింది. భూలి రాలేదు. పొద్దు నడినెత్తి దాటినా జాడ లేదు. పిల్ల ఆకలితో గుక్కపట్టింది.

జంగమ్మ చేతులు చాచింది. "ఇటియ్యి అత్తా."

"జరం ఇంక దిగలే గదనే!"

"గొర్రెకు ఒక దిక్కు చెడితే పిల్ల రెండో దిక్కు తాగుతది. గొర్రెకు జరమున్నా తాగుతది. ఎన్ని పిల్లలు బతకలే అత్తా? నేను సూడలేదా?"

లక్ష్మీనర్సమ్మ ఇచ్చింది. పిల్ల ఎడమ రొమ్ము పట్టుకుంది. అది ఖాళీ అయ్యాక జంగమ్మ ఊపిరి బిగబట్టి, కుడి వైపుకు తిప్పుకుంది. నొప్పికి గొంగడి అంచు నోట్లో కుక్కుకుంది. పిల్ల మాత్రం ఏమీ పట్టనట్టు తాగుతూనే ఉంది. వాన రెండు రోజులు కురిసింది. ఆ రెండు రోజులూ అలాగే పట్టింది. వాగు తగ్గిన నాడు భూలి తడిసిన చీరతో పరుగున వచ్చేసరికి, జంగమ్మ ఒళ్ళు చల్లబడింది, గడ్డ మెత్తబడింది, పిల్ల నిద్రపోతోంది.

"బతికుందా?" అని అడిగింది భూలి గుమ్మంలోనే.

"కడుపు నిండి పన్నది. కూసో అక్కా, జొన్న గటక తాగు."

నెలలో వస్తానన్న బీరప్ప మూడు నెలలకు గాని రాలేదు. సెప్టెంబరులో రజాకార్ల పాలన ఖతమైందని తెలిశాక మందను తోలుకుని వచ్చాడు. మందలో సగమే మిగిలింది. జంగమ్మ పిల్లను అతని చేతుల్లో పెట్టింది. బరువు చూసి అతను నవ్వాడు.

పల్లెకు తిరిగి వెళ్ళాక పిల్లకు రుక్కమ్మ అని పేరు పెట్టారు. చుట్టుపక్కల బాలింతలకు పాలు గడ్డకడితే జంగమ్మకు కబురు రావడం అప్పటినుంచే మొదలైంది. వెళ్ళి వేడి గుడ్డ వేసి, పక్కన కూర్చుని, "పిల్లకు పాలు మాన్పొద్దు" అని గట్టిగా చెప్పేది. అత్తలు కాదన్నా వినేది కాదు.

భూలి వాళ్ళ తండా తర్వాత మిర్యాలగూడ వైపు జరిగిపోయింది. రుక్కమ్మకు ఆరేళ్ళు వచ్చినప్పుడు మిర్యాలగూడ అంగట్లో జంగమ్మ ఆమెను వెతికి పట్టుకుంది. పిల్లను ముందుకు నెట్టి, "పెద్దమ్మ కాళ్ళు మొక్కు" అంది. రుక్కమ్మ సిగ్గుపడి తల్లి కొంగు వెనక దాక్కుంది. భూలి నవ్వి, తన ముందున్న సీతాఫలాల్లో పెద్దది ఏరి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ గోనె మీద కూర్చుని, ఆ ఏడు సరిగ్గా పడని వానల గురించి సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు.