‘వచ్చాడు’ మావయ్య

మా మావయ్యకి హాయిగా ఉంటే భయం.

ఒంటికి గాని మనసుకి గాని కాస్త సుఖం తగిలిందంటే చాలు, చేతిలో పని ఆపేసి, గుమ్మం వైపు చూసి, “వచ్చాడు” అంటాడు. వచ్చేది సైతాను. ఆ పేరు మావయ్య పలకడు. పేరు పెట్టి పిలిస్తే చుట్టరికం కలుపుకుంటాడట. రెండో ముక్క కేకు మీదకి చెయ్యి పోతే వచ్చాడు. అలారం మోగాక ఇంకో ఐదు నిమిషాలు పడుకోవాలనిపిస్తే వచ్చాడు. ఎదురింటాయన కొత్త బండి చూసి కళ్ళు కుట్టినా వచ్చాడు. మా వీధిలో ఆయన్ని అందరూ ‘వచ్చాడు మావయ్య’ అనే అంటారు.

పెళ్ళైన కొత్తలో అత్తయ్య ఈ మాట విన్నప్పుడల్లా టీ గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్ళు పోసేదట. వారం రోజులు టీ మిగిలిపోయాక అడిగింది.

“ఏమండీ, రోజూ ఎవరో వచ్చారంటారు, ఒక్కరూ కనపడరేం?”

మావయ్య విషయం చెప్పాడు. ఇంకొకరైతే పుట్టింటికి ప్రయాణం కట్టేవారు. అత్తయ్య మాత్రం వంటింట్లోంచే సాయం పట్టడం మొదలుపెట్టింది.

ఆ సాయం వల్లే ఒకసారి పరువు పోయింది. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి మావయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. “అబ్బ, ఎంత హాయిగా ఉందో” అని, అన్నందుకు తనే ఉలిక్కిపడి, “వచ్చాడు” అన్నాడు. సరిగ్గా అప్పుడే పాస్టరు గారు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు.

“లోపలికి రానివ్వకండి,” లోపలినుంచి అత్తయ్య కేకేసింది. “కాస్త సందిస్తే తిష్ట వేస్తాడు. చీపురు తెమ్మంటారా?”

పాస్టరు గారు విడిచిన చెప్పులు మళ్ళీ వేసుకున్నారు. ఆయన్ని బతిమాలి వెనక్కి తేవడానికి మావయ్య వీధి చివరిదాకా పరిగెత్తాల్సి వచ్చింది.

చర్చిలోనూ ఇదే వరస. బెంచీ మీద కూర్చోడు. కూర్చుంటే వాలతాం, వాలితే వస్తాడు. అందుకని ఒక కాలు పొట్టిదైన స్టూలు ఇంటినుంచి మోసుకొస్తాడు. కునుకు తీస్తే అది పడేస్తుంది. ఒక ఆదివారం ప్రసంగం రెండో గంటలో పడేసింది కూడా. ఆ చప్పుడికి నిద్రలో ఉన్న సగం చర్చి ఒక్కసారిగా లేచి నిలబడింది. సంఘంలో ఉజ్జీవం, అంటే భక్తికి మేలుకొలుపు, మొదలైంది ఆ రోజేనని పాస్టరు గారు ఇప్పటికీ చెబుతుంటారు.

మావయ్యది పంక్చర్ షాపు, వెనకే ఇల్లు. ఆయన వేసిన అతుకు ఊడిందన్న మాట నేను వినలేదు. ఎవరైనా ఆ మాటే అని మెచ్చుకుంటే, వచ్చాడని చెప్పి, ఆ ట్యూబుని మళ్ళీ నీళ్ళ తొట్టిలో ముంచి చూసేవాడు.

“మేకు దిగితే ఎవడికైనా తెలుస్తుందిరా,” అనేవాడు. “నెమ్మదిగా పోయే గాలే తెలీదు. బండి బాగానే నడుస్తోందనుకుంటాం.”

ఇక నా సంగతి. నేను ప్రెస్సులో పుస్తకాలు బైండింగు చేస్తాను. ఒకప్పుడు బాగా తాగేవాణ్ణి. మా ఆవిడ పాపని తీసుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మానేశానని నమ్మకం కుదిరాకే తిరిగొచ్చింది. ఇంకొక్కసారి తాగితే మళ్ళీ రానని చెప్పి మరీ వచ్చింది. మానేసి ఎనిమిది నెలలయ్యాక, తాగుడు ఎలా వదిలిందో చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. దాంతో నాకు కొమ్ములు మొలిచాయి.

“ఇక నాకేం భయం లేదు మావయ్యా. రోజూ బార్ ముందునుంచే వెళ్తున్నా. మనసు కదలట్లేదు.”

“వచ్చాడు,” అన్నాడు మావయ్య.

నాకు ఒళ్ళు మండింది. “ఎక్కడ వచ్చాడు? నేను గెలిచానంటుంటే.”

“పక్క సందు ఉండగా ఆ రోడ్డు ఎందుకురా?”

“అది దగ్గరదారి.”

“దేనికి దగ్గర?”

విసురుగా లేచి వచ్చేశాను.

మర్నాటినుంచి నా బండికి శని పట్టింది. సాయంత్రం పని ముగించుకుని బయటికొస్తే వెనక టైరులో గాలి ఉండదు. ప్రెస్సు పక్క సందులోనే మావయ్య షాపు. బండి అక్కడికి తోసుకెళ్ళడం, ఆయన ట్యూబు తీసి ముంచడం, “కనపడని లీకురా” అనడం, అత్తయ్య టీ ఇవ్వడం. ఆ సందులోంచే ఇంటికి. ట్యూబు మార్చాను, టైరు మార్చాను, ప్రెస్సు ముందు నేలంతా చీపురుతో ఊడ్చాను. రోజూ అదే తంతు.

“నీ చేతిలో పనితనం పోయింది మావయ్యా,” అన్నాను ఒకరోజు, షాపులో నలుగురు ఉండగా. వాళ్ళలో ఇద్దరు తర్వాత ఇంకో షాపుకి వెళ్ళడం మొదలుపెట్టారు. మావయ్య ముఖం చిన్నబోయింది. ట్యూబుని మళ్ళీ తొట్టిలో ముంచాడు.

మూడు నెలలు గడిచాక ఒక సాయంత్రం బయటికొచ్చి చూస్తే టైరులో గాలి నిండుగా ఉంది. శని వదిలిందనుకుని పెద్ద రోడ్డెక్కాను. బార్ ముందు నా పాత జట్టు నిలబడి ఉంది.

“ఒక్కటే. నీకేం కాదులే, ఉక్కు మనిషివి.”

ఆ మాట నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను. నాకేం కాదని నేనూ అనుకున్నాను. బండి స్టాండు వేశాను, మెట్టు మీద కాలు పెట్టాను. అప్పుడు నా నోట్లోంచి, నా ప్రమేయం లేకుండా, “వచ్చాడు” అని పైకే వచ్చేసింది.

తలుపు దగ్గరున్న సర్వరు తల పైకెత్తాడు. “ఇంకొకాయన వచ్చారా సార్? ఇద్దరికి టేబుల్ వేయమంటారా?”

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే మెట్టు దిగాను. బండి తిప్పి మావయ్య షాపు ముందే ఆపాను.

మావయ్య దుప్పటి కప్పుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను కాదు, వెనక టైరుని చూశాడు. “ఇదేంటి, గాలి ఉందీ?” అన్నాడు కంగారుగా.

“ఉండదా మరి?” అంది అత్తయ్య. “పొద్దుటినుంచీ జ్వరం. ఇందాకటిదాకా మంచం దిగితే కదా మీరు ప్రెస్సుదాకా వెళ్ళి తీసేది.”

నేను టైరునీ ఆయన్నీ మార్చి మార్చి చూశాను.

“మావయ్యా, ఇన్నాళ్ళూ నా టైరులో గాలి తీసింది నువ్వా?”

“ఛ, నేనెందుకు...” అని మొదలుపెట్టి, ఆగి, గుమ్మం వైపు చూశాడు. “వచ్చాడు,” అని గొణిగి, తల దించుకున్నాడు. “నేనే తీశానురా.”

పనితనం మీద నేనన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం లేచి నా నోటి దగ్గరికి వచ్చి, ట్యూబు లీకు చూసినంత శ్రద్ధగా ఒకసారి వాసన చూసి, దుప్పటి సర్దుకున్నాడు.

ఇప్పుడు నా టైరులో గాలి ఎవరూ తీయరు. పని అవగానే నేనే సందులోకి తిరుగుతాను. ఆ ఇద్దరు గిరాకీలకీ నిజం చెప్పి, వాళ్ళ బళ్ళు నేనే తోసుకొచ్చాను. సందు మలుపులో నా హారన్ వినపడగానే మావయ్య లోపలికి కేకేస్తాడు.

“వచ్చాడు.”

“చీపురు తేనా, టీ పెట్టనా?” అంటుంది అత్తయ్య.

“టీ పెట్టవే. మనవాడే.”