బతికున్నవాళ్ళ వరస

దేవకుమారి పొద్దున్నే కళ్ళు తెరిస్తే మొదట కనబడేది ఒక మాజీ ఎంపీటీసీ మీసం. ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీయే ఆమె గుడిసెకి పైకప్పు. బొమ్మ ఉన్న వైపు బయటికి వేస్తే అవతలి పార్టీవాళ్ళు పీకేస్తారని పక్క గుడిసె పాపాయి హెచ్చరించడంతో లోపలికి వేసుకుంది. అప్పటినుంచి ఆయన రోజూ రెండు చేతులూ జోడించి పైనుంచి ఆమెకి నమస్కారం పెడుతున్నాడు. పదవిలో ఉండగా ఆ కాలువ గట్టు మొహం చూడని మనిషి.

మొగల్తూరు వెళ్ళే రోడ్డు పక్కన, కాలువ గట్టు మీద ఉంది ఆ గుడిసె. నాలుగు సరుగుడు కర్రలు, పైన ఫ్లెక్సీ, అంతే. గోడలు లేవు. లేమి వల్ల కాదు. తాటాకుకి కొదవ లేదు, తడికలు అల్లి ఇస్తానని పాపాయి ఎన్నోసార్లు చెప్పింది. దేవకుమారే వద్దంది.

"రెండ్రోజుల ముచ్చటకి గోడలెందుకే? మా తమ్ముడు వచ్చి తీసుకెళ్తాడు."

ఈ మాట ఆమె మొదటిసారి అన్నది కిందటి దసరా సెలవుల్లో. ఆ తర్వాత ఒక వాయుగుండం, ఒక క్రిస్మసు, ఒక ఎండాకాలం వెళ్ళిపోయాయి.

"ఆశ ఉండొచ్చక్కా," అనేది పాపాయి, ఎండుచేపల గంప దించుకుంటూ. "ఆశున్నోళ్ళందరూ ఇలా తడవాలని ఎక్కడా రాసి లేదు."

దేవకుమారికి యాభై ఎనిమిదేళ్ళు. చాలాకాలం ఒక హాస్టల్లో ఆయాగా చేసింది, ఇప్పుడు షెడ్డులో రొయ్యల తలలు తీస్తోంది. యానాంలో మందు చవకని ఈ చుట్టుపక్కల మొదట కనిపెట్టినవాళ్ళలో ఆమె భర్త ఒకడు. ఆ చవకని అతను ఎక్కువకాలం అనుభవించలేదు. అతను పోయాక ఆమె పుట్టింటికి వచ్చేసరికి తమ్ముడు సుకుమార్ ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. తల్లి రత్నమాణిక్యం కూలికి వెళ్తే వాడికి తల దువ్వి, కట్టు తెగిన చెప్పు కుట్టి, బడికి తోలింది దేవకుమారే. వాడు చదివి మాస్టారయ్యాడు. పెళ్ళాడిన ప్రిస్కిల్లా కూడా టీచరే. ఎదుటివాళ్ళ తప్పులు దిద్దడానికి ఇద్దరినీ ప్రభుత్వమే నియమించింది కాబట్టి, ఆ ఇంట్లో తప్పు ఎప్పుడూ మూడోమనిషిదే అయ్యేది.

తల్లి పోయిన ఏడాదికి మొదటి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. తేదీ కాస్త అటూఇటూ అయినా దసరా సెలవుల్లో పెట్టారు, ఇద్దరికీ లీవు కలిసొస్తుందని. కూడిక అంటే ఫ్లెక్సీ ఉండాలి. ఫ్లెక్సీ లేకుండా ఈ ప్రాంతంలో ఎవరూ పుట్టరు, పెళ్ళాడరు, పోరు. దానికో పద్ధతుంది. పైన మేఘాలు, పావురం, మేఘాల మధ్య కిరీటంతో పోయినవాళ్ళు. కింద 'ఆహ్వానించువారు' అన్న అక్షరాల పక్కన బతికున్నవాళ్ళ వరస.

రత్నమాణిక్యం ఒంటరిగా దిగిన ఫొటో లేదు. ఉన్న ఒక్క మంచి ఫొటోలో తల్లీకూతుళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. సుకుమార్ దాన్ని ఫ్లెక్సీ షాపు దుర్గాసాయికి వాట్సాప్‌లో పంపి, వివరం చెప్పడం మరిచిపోయాడు. దుర్గాసాయి ఇద్దరినీ మేఘాల్లోకి ఎక్కించాడు. ఉదారుడు, కిరీటాలు కూడా రెండు పెట్టాడు.

"ప్రింటయిపోయిందక్కా," అన్నాడు సుకుమార్. "గ్రూపులో పెడితే పాస్టరు గారు కూడా లైక్ కొట్టారు. ఒక్కరోజు ఓపిక పట్టు."

"మంచి ప్లేసే కదండీ వదినగారూ," అంది ప్రిస్కిల్లా. "అత్తయ్యగారి పక్కనే ఉన్నారు."

దేవకుమారి పొద్దున పది దాకా ఓపిక పట్టింది. అప్పుడు పాలకొల్లు నుంచి ఒక దూరపు చుట్టం వచ్చింది. చత్వారపు కళ్ళు చికిలించి ఫ్లెక్సీ చూసి, గేటు దగ్గరే ఏడుపందుకుని, తనకి టీ తెచ్చిచ్చిన దేవకుమారినే చెయ్యి పట్టుకుని అడిగింది.

"పాపం దేవకుమారి ఎప్పుడు పోయిందమ్మా? ఎవరూ కబురు చెయ్యలేదే!"

దేవకుమారి వంటింట్లోంచి చేపల కత్తి తెచ్చి, మేఘాల్లోంచి తన బొమ్మని నలుచదరంగా కోసి తీసుకుంది. ఫ్లెక్సీలో కిటికీ అంత చిల్లు పడింది. పాస్టరు గారు పునరుత్థానం గురించి వాక్యం చెప్పినంతసేపూ ఆ చిల్లులోంచి పక్కింటి గేదె సంఘాన్ని చూస్తూ నెమరేసింది. వెనక వరస పిల్లలు నవ్వారు. తర్వాత పెద్దలూ నవ్వారు.

చుట్టాలు వెళ్ళగానే సుకుమార్ "నా పరువు కోసేశావు, మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు" అన్నాడు. ఆమె బట్టల సంచీ, బైబిలు తీసుకుని దిగిపోయింది.

చుట్టాలు మర్యాదస్తులు. ఎవరింటికి వెళ్ళినా అన్నం తినకుండా కదలనివ్వలేదు. పీట వేశారు, పప్పులో నెయ్యి వేశారు, మారు అన్నం వేశారు. చాప మాత్రం ఎవరూ వేయలేదు. అలా ఆరు భోజనాలయ్యాక ఆమె గట్టు మీదికి వచ్చి చేరింది.

ఏడాది తిరగబోతుండగా సుకుమార్‌కి అక్క గుర్తొచ్చింది. చర్చి సంఘ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఈసారి సెక్రటరీగా నిలబడదామని అతని కోరిక. పోటీగా నిలబడిన అప్పాజీ ప్రచారానికి పెద్దగా కష్టపడలేదు. ఇల్లిల్లూ తిరిగి ఒక్క ప్రశ్న అడిగాడు.

"అక్కని గట్టు మీద పెట్టినాయన సంఘాన్ని ఎక్కడ పెడతారంటారండీ?"

ఆ ఆదివారమే సుకుమార్ బండి గట్టు కింద ఆగింది. ఇంజను ఆపాడు, దిగలేదు.

"బాగున్నావా అక్కా?"

"నాకేంరా. నువ్వే చిక్కిపోయావు."

"అమ్మ రెండో కూడిక వస్తోంది. నువ్వు తప్పకుండా రావాలి."

"నేను పోయాను కదరా, ఎలా వస్తాను?"

"ఆ గొడవ ఇప్పుడెందుకు? ఈసారి నిన్ను కింద వరసలో వేయిస్తాను."

"ఎక్కడ? చివర్నా?"

"ప్రిస్కిల్లా తర్వాత..."

"నేను పెద్దదాన్ని. మొదట ఉండాలి."

సుకుమార్ మనసులో ఓట్లు లెక్కేసుకున్నాడు. "సరే, మొదటే."

"కూడికయ్యాక?"

"ముందు కూడిక అవనీ. మిగతాదంతా ప్రభువు చూసుకుంటాడు," అని బండి స్టార్ట్ చేశాడు.

"ప్రభువు మీదికి తోశాడంటే ఇంట్లో చోటు లేదనక్కా," అంది పాపాయి.

"తమ్ముడు వస్తాడన్నానా లేదా? వచ్చాడా లేదా?"

"వచ్చాడు. హెల్మెట్టే తియ్యలేదు."

మర్నాడు దుర్గాసాయి స్వయంగా ఫోన్ పట్టుకుని ఫొటో తీయడానికి వచ్చాడు. గట్టు మీద నిలబడడానికి మొహమాటపడ్డాడు.

"నవ్వండి ఆంటీ. పోయినసారి పొరపాటున మిమ్మల్ని..."

"చంపేశావు."

"సారీ అండి. కిరీటం మంచిదే పెట్టానండి."

"ఈసారి కిరీటం వద్దు బాబూ. ఆహ్వానించువారు అన్న అక్షరాలు పెద్దవి పెట్టు. చత్వారం ఉన్నోళ్ళకి కూడా కనపడాలి."

దుర్గాసాయి మాట నిలబెట్టుకున్నాడు. పదికి పద్దెనిమిది అడుగుల ఫ్లెక్సీలో, కింది వరసలో మొదటి బొమ్మ దేవకుమారిది. కూడిక రోజు ఆమె తెల్లారేసరికి సంచీతో సహా గేటు తట్టింది.

"అప్పుడేనా వదినగారూ? కూడిక పదింటికి కదండీ," అంది ప్రిస్కిల్లా.

"పిలిచేవాళ్ళు కూడా పదింటికే వస్తారేంటమ్మాయ్?"

సంచీ లోపల పెట్టి కొంగు బిగించింది. గేటు దగ్గర నిలబడి "వందనాలండి, రండి రండి" అని అందరినీ ఆహ్వానించింది. పాలకొల్లు చుట్టం ఈసారి ఫ్లెక్సీని ఒకసారి, ఆమెని ఒకసారి చూసి, భుజం గిల్లి నిర్ధారించుకుంది. పాస్టరు గారు కుటుంబ ఐక్యత గురించి ప్రార్థించారు. పక్కింటి గేదెకి ఏమీ కనబడలేదు. భోజనాల దగ్గర అప్పాజీకి దేవకుమారే కొసరి కొసరి వడ్డించింది. అతను ఎంత తిన్నాడో అంతా గమనించాడు.

మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. చుట్టాలు పల్చబడ్డారు. దేవకుమారి పెరట్లో గుండిగలు తోముతోంది.

"వానొచ్చేలా ఉందండీ," అంది ప్రిస్కిల్లా వచ్చి. "ఇప్పుడు బయల్దేరితే తడవకుండా వెళ్ళిపోతారు."

దేవకుమారి చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చింది. అక్కడ అప్పాజీ, మరో ఇద్దరు పెద్దలు చెప్పులు వేసుకుంటున్నారు. అప్పాజీకి ఆ రోజు చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"వెళ్ళడమేంటి?" అంది ఆమె, నిమ్మళంగానే, కానీ గేటు దాకా వినపడేలా. "వెళ్ళేది వచ్చినోళ్ళు. పిలిచినోళ్ళు ఇంట్లోనే ఉంటారు."

అందరూ ఒక్కసారి ఫ్లెక్సీ వైపు చూశారు. దుర్గాసాయి అక్షరాలు నిజంగానే పెద్దవి పెట్టాడు.

ప్రిస్కిల్లా భర్త వైపు చూసింది. భర్త అప్పాజీ వైపు చూశాడు. అప్పాజీ రెండో చెప్పు చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"అక్క ఎక్కడికెళ్తుంది?" అన్నాడు సుకుమార్. "ఇది అక్క ఇల్లు కాదా? ఎవరన్నారు వెళ్ళమని?"

ఆ రాత్రి ఆమెకి వరండాలో, బండి పక్కన చాప వేశారు. గదులు ఖాళీ లేవన్నారు, ఆమె అడగలేదు. వారం తర్వాత పాపాయి చూడడానికి వచ్చింది. వరండాకి మూడు వైపులే గోడలున్నాయి. నాలుగో వైపుకి తడిక అల్లి తెమ్మని దేవకుమారి ఆమెకి పురమాయించింది. బదులుగా ఎంపీటీసీని ఇచ్చేసింది. పాపాయి ఆయన్ని పడమటి వైపు గోడగా కట్టుకుంది.

సంఘ ఎన్నికల్లో అప్పాజీ గెలిచాడు. ఆ రాత్రి సుకుమార్ అన్నం తినలేదు. తడిక అవతలి నుంచి దేవకుమారి రెండుసార్లు పిలిచి, మజ్జిగ తాగించింది. మళ్ళీ నిలబడి తీరతానని అతను అందరితో చెబుతున్నాడు. వచ్చే ఎన్నికలు మూడేళ్ళకి.