దేవుడితో మాటల్లేని పిన్ని ఇంటికి

వచ్చే సోమవారం నా గొంతుకు ఆపరేషన్. థైరాయిడ్ గడ్డ, మాట పలికించే నరానికి ఆనుకుని పెరిగిందట. మాట నిలుస్తుందా అని అడిగితే డాక్టరుగారు "చూద్దాం" అన్నారు. బడిలో పాఠాలు చెప్పుకు బతికే మనిషిని, ఆదివారం చర్చిలో అందరి తరఫునా ప్రార్థన చదివే మనిషిని, ఆ ఒక్క ముక్కకే నీరుగారిపోయాను. మా ఇంట్లో ఏ కష్టమొచ్చినా మోకాళ్లూనడం అమ్మ వంతు. అమ్మ నిరుడు పోయింది. ఇక మిగిలింది భావనపాడులో ఉన్న అమ్మ చెల్లెలు, రాహేలు పిన్ని. ఆమె ప్రార్థన చేస్తుంటే దేవుడు పక్క పీట మీద కూర్చుని వింటున్నట్టే ఉంటుందని మా చుట్టాలందరూ అంటారు. ఆమె చేత నా గొంతు మీద చెయ్యి పెట్టించుకుని వద్దామని శుక్రవారం పొద్దున్నే విజయనగరం స్టేషనుకి వెళ్లాను.

పలాస వైపు పోయే పాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. పొగమంచు ఇంకా విడలేదు. తాటిచెట్లు మొదళ్లు లేకుండా గాల్లో నిలబడ్డాయి. ఇంట్లో కట్టుకున్న ఇడ్లీలు అప్పుడే తినేశాను. వెళ్లేవాళ్లెవరైనా ఉంటే మంచినీళ్లు మాత్రం ఎక్కువ పట్టుకెళ్లండి, నౌపడ దాటాక గాలి కూడా ఉప్పగానే ఉంటుంది.

చీపురుపల్లిలో ఒక బట్టల షాపాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. ఎక్కడికమ్మా అంటే చెప్పాను, ఎందుకమ్మా అంటే అదీ చెప్పాను. రైల్లో కనబడినవాళ్లకి కడుపులోదంతా చెప్పెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ప్రార్థన కోసం ఇంత దూరమెందుకు, ఫోన్లో చేయించెయ్యొచ్చు గదా అన్నారాయన. కాసేపటికి ఆయనే సర్దుకున్నారు. "మా యమ్మా అంతేనండి. శ్రీకూర్మం గుడికెళ్లి సామి ఎదురుగా నిలబడి సెప్పుకుంటే గానీ తనకి సెప్పినట్టుండదు" అన్నారు. తర్వాత ఆయన నిద్రపోయారు. నాకూ కళ్లు మూతలు పడ్డాయి. పెట్టె అంతా ఊయలలా ఊగుతుంటే అమ్మ పక్కనే కూర్చుని ఏదో గొణుగుతున్నట్టు అనిపించింది.

నౌపడలో దిగేసరికి పదిన్నర. బయట షేరు ఆటోలుంటాయి, నిండేదాకా కదలవు. దారికి అటూ ఇటూ ఉప్పుమడులు. నీళ్లేవో ఆకాశమేదో తెలియకుండా అంతా ఒకటే తెలుపు, ఆ తెలుపులో మనుషులు మెల్లగా నడుస్తున్నారు. తర్వాత సరుగుడు తోటలు, ఆ వెనకాల సముద్రం హోరు. ఊళ్లో దిగి పిన్ని ఇల్లెక్కడని అడగనక్కర్లేదు. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి వేటకి పోయేవాళ్లు కూడా "మా పడవ కోసం ఓ మాట సెప్పమ్మా" అని ఆమె గుమ్మం తొక్కి వెళ్లేవారు.

పోయిన వానాకాలం చిన్నాన్న సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పుడు ఆదరణ కూడికకి వచ్చాక నేను మళ్లీ రావడం ఇదే. పిన్ని బాగా చిక్కిపోయింది. నన్ను చూసి, బేగి కాళ్లు కడుక్కో అంటూ చేపల పులుసు పెట్టింది. కడుపు నిండా తిన్నాను. ఆపరేషన్ సంగతి చెబితే చెయ్యి కడుక్కోకుండా అలాగే విన్నది. సాయంత్రం ప్రార్థనలో దేవుణ్ణి అడుగుతుందిలే అనుకున్నాను.

పొద్దు వాలాక వసారాలో చాప పరిచింది. ముసుగేసుకుని మోకాళ్ల మీద కూర్చుంది. నేనూ పక్కన చేరి కళ్లు మూసుకున్నాను. ఎంతసేపైనా పిన్ని నోరు తెరవలేదు. మొదలుపెట్టు పిన్నీ అన్నాను.

"నాకూ ఆయనకీ మాటల్లేవు" అంది.

ఇంత దూరం వచ్చింది దీనికా అని ఏడుపొచ్చింది. మరి రోజూ ఈ చాప మీద ఎందుకు కూర్చుంటున్నావని కాస్త గట్టిగానే అడిగాను.

"మాటల్లేకపోతే ఇల్లొదిలీసి పోతానేటి?"

అలలు వచ్చి పోతున్నాయి. వసారా కూడా పడవలా మెల్లగా కదులుతున్నట్టు ఉంది. పిన్ని గోడవైపే చూస్తూ, "ఆయనకి నువ్వు సెప్పు" అంది.

ఆ పద్ధతి నాకు కొత్త కాదు. మా ఇంట్లో అమ్మానాన్నలకి చెడితే ఇద్దరూ ఒకే గదిలో ఉండి నా చేత కబుర్లు పంపుకునేవారు. మీ నాన్నకి చెప్పు, అన్నం వడ్డించానని. మీ అమ్మకి చెప్పు, ఆకలి లేదని. కానీ దేవుడికి రాయబారం నడపడం ఎన్నడూ ఎరుగను. చర్చిలో అలవాటైన ధోరణిలో "సర్వశక్తిమంతుడవైన తండ్రీ, కృపామయుడవైన ప్రభువా" అని ఎత్తుకున్నాను. పిన్ని మోచేత్తో పొడిచింది. ఆ మాటలు తనవి కావంది. తను అన్నవే చెప్పమంది.

చెప్పాను. చిన్నాన్న రాని ఆ రాత్రి పిన్ని ఒడ్డునే ఉందని, వానలో తడుస్తూ తెల్లారేదాకా నీతో మాట్లాడుతూనే ఉందని. మిగతా పడవలన్నీ వచ్చాయని, వాళ్లందరి కోసం కూడా అడిగింది తనేనని. ఒక్కో మాటా చెబుతుంటే నా గొంతు గీరుకుపోతోంది. "మరెందుకు తేలేదో అడుగు" అంది పిన్ని. అడిగాను. అడిగి ఇద్దరం ఆగాం. ఏ జవాబూ రాలేదు.

పిన్ని ఇక ఓర్చుకోలేకపోయింది. నన్ను పక్కకి నెట్టి తనే అందుకుంది.

"ఒక్క మనిషి. ఒక్క మనిషినే కదా తెమ్మన్నాను నిన్ను" అంది. అని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చివరికి పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, ఇంట్లో మనిషికి పని పురమాయించినట్టే అంది: "మన తగువు ఆనక తేల్చుకుందుము. ముందీ గుంట సంగతి సూడు. దీనికి గొంతు కోత్తారట. నాతో మాటాడకపోతే మానీ, దీనికాడ కూకో."

తన చెయ్యి తెచ్చి నా గొంతు మీద పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం నౌపడలో తిరుగు బండి ఎక్కాను. పిన్ని కట్టిచ్చిన ఎండుచేపల వాసనకి పెట్టెలో కొందరు మొహం తిప్పుకున్నారు. ఎవరైనా వెళ్తే బీచి బాగుంటుంది, పోయిరండి. నేను మాత్రం సముద్రాన్ని సరిగా చూడనేలేదు. నా గొంతు నయమవుతుందని పిన్ని నాకు మాటివ్వలేదు. దేవుడూ ఇవ్వలేదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక ఎండ పలచబడింది. వరి మళ్లు, పశువులు, గట్ల మీద పిల్లలు అన్నీ నిద్రలో కనిపించేవాటిలా వెనక్కి పోతున్నాయి. కిటికీ ఊచలకి నుదురానించి, సంబోధనలేవీ పెట్టకుండా, "నాకు భయమేస్తోంది" అన్నాను. అన్నాక ఇంకా చాలా వచ్చాయి.

పక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్న ఆవిడ నా చెవులవైపు, చేతులవైపు చూసింది. ఫోనేదీ లేదు.

"ఎవరితోనమ్మా మాటాడతన్నారు?"

దేవుడితో అన్నాను.

ఆవిడ తన గంపని కాళ్ల కిందకి లాక్కుని మా ఇద్దరి మధ్యా కాస్త చోటు చేసింది.

"సెప్పుకోండి" అంది.