పుస్తకంలో ‘సాదా’ అని రాశాను

2014 ఫిబ్రవరి 9, ఆదివారం, మధ్యాహ్నం రెండుంపావు. అప్పటినుంచి దీన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే "పోనీలెండి, పెద్దావిడ" అంటారు. ఆ పోనీలెండి నాకు అక్కర్లేదు.

మావారు పోయి అప్పటికి ఏడు నెలలు. రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి, నెహ్రూ నగర్‌లో ఒక ఇల్లు, ఒక పాత కారు మిగిల్చి వెళ్ళారు. కారు ఇంజను అరిగిపోయింది. అందరూ అమ్మేయమన్నారు. నేను అమ్మలేదు. దయాల్‌బంద్‌లో గ్యారేజీ ఉన్న సింహాచలానికి ఇచ్చి, సిలిండర్లు బోరు కొట్టించి, పిస్టన్లూ రింగులూ కొత్తవి వేయించాను. ఈ హిందీ ఊళ్ళో తెలుగువాళ్ళ బళ్ళన్నీ అతనే చూసేవాడు; అందరిలాగే నన్ను అప్పా, అంటే అక్కా, అని పిలిచేవాడు.

నూనె కూడా తనే మారుస్తానంటే వద్దన్నాను. ఆ కారుకి నూనె మార్చేది ఎప్పుడూ మావారే, పక్కన నిలబడి పుస్తకంలో రాసేది నేను. ఇంటి ఖర్చుల నుంచి మావాళ్ళ చీటీల లెక్కల దాకా అన్నీ ఆ పుస్తకంలోనే రాసేదాన్ని. ఇక రెండూ నేనే చేస్తానన్నాను. ఆ ఆదివారం ఉదయం పదిన్నరకి తాళాలు ఇస్తూ అతను అన్నాడు:

"అప్పా, ఇంజను అరగంట ఆడించాను. ఇందులో నూనె నిండా ఇనప రజను ఉంటాది, దించేయండి. కొత్తది మాత్రం సాదా ఆయిలే. ఎయ్యి కిలోమీటర్ల దాకా ఆ సింథటిక్ జోలికెళ్ళకండి."

"సాదా ఏటి? ఆయన కారుకి మంచిది పొయ్యకూడదా?"

"ఆ మంచిదే కొంప ముంచుతాది. కొత్త రింగులు సిలిండరు గోడకి రాసుకుని కుదురుకోవాల. మరీ నున్నటిది పోస్తే జారిపోతాయి. కొత్తల్లుడేటప్పా, మొదటిరోజే నేతిబూరెలు పెట్టడానికి?"

గ్యారేజీలో పనిచేసే కుర్రాళ్ళిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సాదా. ఏడు నెలలుగా ఆ మాటే వింటున్నాను. సాదా చీర కట్టుకోండి. సాదా గాజులు చాలు. ఆఖరికి ఆయన కారుకి కూడా సాదాయేనా? ఒళ్ళు మండిపోయింది. ఒక నూనె మీద అంత కోపమా? నూనె మీద కాదు. మా బంధువుల మీద చూపలేని కోపం, పని తెలిసి చెప్పినవాడి మీద చూపాను.

మధ్యాహ్నం రెండుంపావుకి, షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా మేలైన సింథటిక్ తెచ్చి పోశాను. మూడున్నర లీటర్లు. మీటరు 84,316. పుస్తకంలో రాశాను: "సాదా." ఎందుకు రాశాను? చెయ్యి అలవాటున రాసిందని ఏళ్ళ తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఏదైనా తేడా వస్తే అతను పుస్తకం అడుగుతాడని నాకు తెలుసు.

ఆరువందల కిలోమీటర్లకి నీలం పొగ మొదలైంది. తొమ్మిదివందలకి లీటరున్నర నూనె తాగేసింది. సింహాచలం ఇంజను విప్పాడు. సిలిండరు గోడలు గాజులా మెరుస్తున్నాయి, రింగులు కుదురుకోనేలేదు. పుస్తకం తీసుకుని, కూడబలుక్కుంటూ ఆ పంక్తి చదివాడు.

"అప్ప పుస్తకం తప్పు సెప్పదు. నా సెయ్యే తప్పింది."

నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది: "చూసుకుని చెయ్యాలి కదా మరి."

ఊరికే మళ్ళీ చేసిస్తానన్నాడు. ఒప్పుకోలేదు. ఈసారి నూనె తనే పోస్తే, ఇంజను కుదిరితే, నిజం బయటపడుతుంది. కారుని తుక్కుకి ఇచ్చేశాను.

మావాళ్ళలో ఏ తగువొచ్చినా నా పుస్తకమే సాక్ష్యం. "అప్ప పుస్తకంలో ఉందట" అన్నారు, బళ్ళు వేరే చోటికి పట్టుకుపోయారు. ఒక్కరైనా మరో మాట అడగలేదేం? అతనైనా నన్ను నిలదీయలేదేం? ముప్ఫై ఏళ్ళ పనితనం ఒక ముసలిదాని చేతిరాత ముందు అంత చులకనా? ఇప్పటికీ వాళ్ళందరి మీదా మండిపడతాను. ఆ హక్కు నాకు లేదు. అయినా మండిపడతాను.

అతను ఇంజను పని మానేశాడు. మరుసటి ఏడు గ్యారేజీ మూసేశాడు. దగ్గర్లోనే బెల్తరాలో పంక్చర్లు వేస్తున్నాడని విన్నాను. వెళ్ళలేదు.

ఈరోజు పాత పుస్తకం తీసి, ఆ మాట కొట్టేసి, పక్కన రాశాను: "సింథటిక్. పోసింది నేనే." ఎన్నాళ్ళకో ఊపిరి నిండుగా ఆడింది. దీన్ని క్షమాపణ అనను. అతని ఎదురుగా నిలబడి, అతను నిలదీస్తుంటే వినాల్సినదాన్ని, మీకు రాస్తున్నాను.

పోయినవి: మావారి కారు ఒకటి. దయాల్‌బంద్‌లో గ్యారేజీ ఒకటి. ముప్ఫై ఏళ్ళుగా ఒక మనిషికి తన చేతి మీద ఉన్న నమ్మకం. ఆ ఆదివారం తర్వాత నా పుస్తకంలో రాసిన ప్రతి పంక్తీ.