పుల్ల విరిగిన మొజార్ట్ ఉండ

మొజార్ట్ ఒక్కసారే చచ్చాడని పుస్తకాల్లో రాసుకుంటారు, పాపం చదువుకున్నవాళ్లు. మా సాల్జ్‌బర్గ్‌లో రెండోసారి కూడా చచ్చాడు. అదీ చర్చిలో, పాటమేళం అంతా నోళ్లు వెళ్లబెట్టి చూస్తుండగా. చంపింది బుర్గి. ఒకణ్ణి కాదు, డబ్బాడు మొజార్ట్‌లను వరసపెట్టి నిలువునా నరికేసింది. పైగా ఊరు ఆవిడకి చప్పట్లు కొట్టింది. అబద్ధమైతే సాల్జాఖ్ ఏరు వెనక్కి పారాలి.

బుర్గి, ఐబల్ గారి మిఠాయి దుకాణంలో మొజార్ట్ ఉండలు ముంచే మనిషి. లోపల పిస్తా కలిపిన బాదం ముద్ద, దాని చుట్టూ హేజెల్‌నట్ ముద్ద. ఆ ఉండకి సన్నటి చెక్కపుల్ల గుచ్చి, కరిగిన చాక్లెట్‌లో ఒక్క మునక వేయించి, పుల్లని నిలబెట్టి ఆరనివ్వాలి. ఆరాక పుల్ల లాగేసి, ఆ బొక్కని ఒక్క చాక్లెట్ చుక్కతో మూసేసి, మొజార్ట్ బొమ్మున్న రేకు చుట్టాలి. బుర్గి మూస్తే ఆ బొక్క ఎక్కడుండేదో బ్రహ్మకి కూడా తెలియదు. భూతద్దం పెట్టి వెతికిన నగల వర్తకుడొకడు చివరికి కళ్లజోడు మార్చుకున్నాడని చెప్పుకుంటారు.

ఆవిడకున్న మొండితనమల్లా ఆ పుల్లల దగ్గరే. చేతికి అలవాటైన పాతవే కావాలి.

"అవి బైబిల్లోని నోవహు ఓడ విరిగినప్పుడు ఏరుకొచ్చినవా బుర్గమ్మా? కొత్తవి తెప్పిస్తాను," అనేవాడు ఐబల్.

"కొత్తవి కర్రవాసన కొడతాయి అయ్యగారూ. మీ అమ్మగారు వీటితోనే ముంచారు. ఆవిడకి లేని తొందర మీకెందుకు?"

అమ్మగారి పేరెత్తగానే మీసం తడుముకుంటూ కొట్లోకి పోయేవాడు.

ఏటా చర్చి పండగ ఆదివారం పాటమేళం మొజార్ట్ కట్టిన పూజాగీతం పాడుతుంది. ముందురోజు సాధనకి ఐబల్ ఒక డబ్బా ఉండలు ఊరికే పంపుతాడు. ఆ శనివారం బుర్గి ముంచినవి అవే. చర్చిలో గంటలు కొట్టే వీటుస్ వచ్చి డబ్బా పట్టుకెళ్లాడు. ఆవిడ తీరిగ్గా పుల్లలు కడుగుతుంటే ఒకదాని మొన చేతికి గరుకుగా తగిలింది. చూస్తే విరిగి ఉంది. విరిగినచోట చెక్క తెల్లగా, తాజాగా ఉంది.

నేలంతా వెతికింది. తొట్టి వంపింది. చాక్లెట్ గిన్నె దేవింది. ఎక్కడా లేదు. ఇక మిగిలింది ఒకే ఒక్క చోటు.

మేళంలో పై స్థాయి పాడే రోస్‌విత, మాంసం కొట్టు ఆవిడ, గుర్తొచ్చింది. ఆ గొంతులో పుల్ల దిగబడితే రేపటి పాట సంగతి అటుంచి, మనిషే దక్కదు. కొత్త పుల్లలు వద్దని వాదించిందెవరు మరి?

"అయ్యగారూ, సైకిలు!"

"వాన పడుతోంది."

"పడనివ్వండి!"

ఏప్రన్ జేబులో విరిగిన పుల్ల, చేతిలో కేకు కోసే కత్తి. వంతెన మీద ఆవిడ ట్రాలీబస్సుని దాటేసిందట. ఆ డ్రైవరు ఇప్పటికీ ఆవిడ కనిపిస్తే తల దించుకుంటాడు.

ఆవిడ పాటమేళం పాడే చర్చి మేడమీదికి ఎక్కేసరికి సాధన మధ్యలో విరామం. డబ్బా మూత తెరిచి ఉంది. రోస్‌విత ఒక ఉండకి రేకు విప్పి పెదాల దాకా తెచ్చింది.

"కొరక్కు!"

"ఏమే బుర్గీ, మరీ అంత లావయ్యానా?"

"నోరు మూసుకో! మూసుకునే ఉంచు. వీటిల్లో ఒకదాంట్లో పుల్లముక్క ఉంది."

బుర్గి రోస్‌విత చేతిలోది లాక్కుంది. డబ్బాలోవి రేకులు విప్పి, బల్లమీద పెట్టి కోయడం మొదలెట్టింది. "ఇన్నాళ్లు ముంచి ముంచి ఇవాళ కసి తీర్చుకుంటోందర్రా," అన్నారెవరో వెనక వరసలోంచి. కోసిన ప్రతి ఉండలోనూ లోపల పచ్చన, మధ్యలో గోధుమరంగు, పైన నలుపు. పుల్ల మాత్రం లేదు. ఆఖరిదీ కోసింది. అందులోనూ లేదు.

అప్పటికి ఐబల్ గొడుగుతో సహా తడిసి ముద్దయి చేరాడు. "లేకపోతే మంచిదేగా?"

"ఏం మంచి అయ్యగారూ? ఎవరో మింగేశారన్నమాట!"

మేళమంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ తినలేదు. రోస్‌వితే నోరు విప్పింది: "మూత తీసేసరికే మూలన ఒక గుంట ఖాళీగా ఉంది. ఐబల్ గారి చెయ్యి ఎంత పిసినారిదో తెలిసిందే కదా అని ఊరుకున్నాం."

"నిండా సర్దాను నేను," అంది బుర్గి. ఏ సందులో ఎవరు గొంతు పట్టుకుని పడి ఉన్నారో అని కత్తి అక్కడే పడేసి మెట్లవైపు తిరిగింది.

అంతలో వీటుస్ మెట్లెక్కి వచ్చాడు. "ఇంకా కాలేదా? నేను తలుపులేసుకోవాలి." అతని నోటి మూలన వేలి కణుపంత పుల్ల ఒకటి అటూ ఇటూ ఆడుతోంది.

"వీటుస్, ఆ పుల్లెక్కడిది?"

"ఏ పుల్ల?"

"పళ్లు కుట్టుకుంటున్నావే, అది!"

వీటుస్ డబ్బా వంక చూశాడు, కప్పు మీది దేవదూతల వంక చూశాడు. వాళ్లు ఆదుకోలేదు. "డబ్బా బరువనిపించి... కాస్త తేలిక చేశాను. తిన్నాక పళ్లు కుట్టుకోను పుల్ల కూడా పెట్టారే, ఐబల్ గారు ఎంత మర్యాదస్థుడూ అనుకున్నాను."

బుర్గి ఆ ముక్క లాక్కుని, జేబులో పుల్లకి ఆనించి చూసింది. అతుకు తెలియకుండా కూర్చుంది.

"గుచ్చుకోలేదు కదయ్యా నీకు?"

"లేదమ్మా. బాగుంది కూడా."

ఆవిడ బెంచీ మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది. దొంగకి ఎవరూ అన్ని దండాలు పెట్టి ఉండరు. అప్పుడే కొట్టారు చప్పట్లు. రోస్‌విత ఒక సగం ముక్క ఆవిడ నోట్లో కుక్కి, మిగతావి అందరికీ పంచింది.

మర్నాడు రోస్‌విత పాడితే గాజు కిటికీల బొమ్మల్లోని పునీతులు పక్కకి జరిగి గొంతుకి దారిచ్చారు. సోమవారం బుర్గి బల్లమీద కొత్త పుల్లల కట్ట ఉంది. ఐబల్ పెట్టినదే. ఆవిడ వాసన చూసి, నీళ్లలో పడేసి మరగబెట్టింది.

ఈ కథ వీటుస్ బీరు కొట్లో నరుకుడూ చావులూ కలిపి చెబుతుంటే, అటుగా వచ్చిన బుర్గి ఆగి మొత్తం విని ఇంతే అంది:

"నరకలేదు. సగానికి కోశాను. మొజార్ట్ ఉండేది పైరేకు మీద. అది ముందే విప్పేశాను."